ఐజాక్ వాల్టన్ జీవితము

భద్రాచలమునకు ఎగువను తాలిపేరును, దిగువను శబరియు, ఖమ్మము వైపునుండి కిన్నెరసానియు వచ్చి గోదావరిలో కలియుచున్నవి. ఈ నీళ్ళకును అడవికిని నడుమ పుట్టి పెరిగిన మన విద్యార్థులలో గాలము పట్టి యెరుగనివారు మిక్కిలి అరుదు. వలలతోను, మావులతోను, వెదురుబుట్టలతోను చేపలను పట్టు విధములను కోయపల్లెల పిల్లలు తమ తాతలయొద్దనే నేర్చుకొని బడికి వచ్చుచున్నారు. అయినను పెద్దలు పలువురు గాలము వేయుటను పనిలేనివాని పనిగా నెంచుచుందురు. మేమును, సాయంకాలమున పాఠము విడిచి యేటియొడ్డున కూర్చుండిన బాలుని మందలించినవారమే.

మా యీ యభిప్రాయమును మార్చినవాడు మాతో చాలకాలము పనిచేసిన యొక యుపాధ్యాయ మిత్రుడు. సెలవుదినములలో ఆయన సన్నని వెదురుకర్ర చేతబట్టుకొని కిన్నెరసాని యొడ్డునకు పోవుచుండెను. ఎర్రలను గాని, పిండిముద్దలను గాని ఎరగా గ్రుచ్చెడివాడు కాడు. చిన్న గాలమునకు కోడియీకను పట్టుదారముతో చుట్టి, చూచువారికి ఈగయో ఉసిలియో యని తోచునట్లు కట్టి, దానిని నీటిపై మెల్లగా వాలునట్లు విసరుచుండెను. త్రోవను పోవు పశులకాపరులు చూచి నవ్వుచుండిరి. ఆయనయు వారితో కూడ నవ్వుచుండెను. పట్టిన చేపలలో సగము మరల నీటిలోనే విడిచిపెట్టుచుండెను. ఆ మిత్రుడిప్పుడు లేడు. ఆయన పుస్తకములలో రెండు మాకు చేరినవి. ఒకటి చిన్న నోటుపుస్తకము. రెండవది అట్ట చినిగిన యొక ఆంగ్లగ్రంథము. అది ఐజాక్ వాల్టన్ గాలపువేటను గూర్చి వ్రాసినది. దానిని చదివి, వ్రాసినవాని చరిత్రమును తెలిసికొన్న పిమ్మట, ఇన్నాళ్ళు మా మిత్రుడు ఆ యేటియొడ్డున నేమి చేయుచుండెనో మాకు కొంత బోధపడినది. ఆ చరిత్రమునే యీ సంచిక చదువరులకు చెప్పబూనితిమి.

ఐజాక్ వాల్టన్ 1593వ సంవత్సరమున ఇంగ్లండులోని స్టాఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి యతని పసితనముననే గతించెను. కులీనుల బిడ్డలవలె విశ్వవిద్యాలయమునకు పోయి చదువు భాగ్య మతనికి కలుగలేదు. యౌవనమున లండను నగరమునకు వచ్చి, వస్త్రవర్తకమున పని నేర్చి, 1618లో ఇనుపవర్తకుల సంఘమున సభ్యత్వమును పొందెను. ఆ కాలపు వర్తకసంఘములలో పేరొకటి, చేయు వ్యాపార మొకటిగా నుండుట కలదు గనుక, ఇనుపవర్తకుల సంఘమున చేరినవాడు బట్టలమ్ముటలో వింత లేదు. ఫ్లీట్ వీధిలో ఛాన్సరీ సందు సమీపమున అతని యంగడి యుండెను. అంగడి కట్టివేసిన దినములలో వాల్టన్ నగరమునకు వెలుపల లీ నదివెంట నడచిపోయి గాలము వేయుచుండెను.

ఆ వీధిలో నున్న సెయింట్ డన్‌స్టన్ దేవాలయమునకు 1624లో జాన్ డన్ అను కవి గురువుగా వచ్చెను. ఆయన సెయింట్ పాల్ మహాదేవాలయమునకును అధిపతి. ఆ కాలపు ఆంగ్లకవులలో అగ్రగణ్యుడు. బట్టలమ్ముకొను వాల్టనునకు ఆయనతో స్నేహము కుదిరెను. ఆయన మూలముననో, తన సౌజన్యము మూలముననో, పండితులు పెక్కండ్రు వాల్టనునకు మిత్రులైరి. వారిలో ముఖ్యుడు సర్ హెన్రీ వాటన్. ఈయన చిరకాలము వెనీసు రాజ్యమున ఆంగ్ల రాయబారిగా నుండి, 1624 మొదలు ఈటన్ పాఠశాలకు అధ్యక్షుడయ్యెను. రాజుల కొలువులను, రాయబారముల చిక్కులను చూచి యలసిన ఆ వృద్ధునకు థేమ్సు నదీతీరమున గాలపుకర్రతో కూర్చుండుటకంటె ప్రియమైన విశ్రాంతి లేకుండెను. రాయబారియు వర్తకుడును ఒకే గట్టున కూర్చుండి చేపలు పట్టుచుండిరి. నీటి యొడ్డున వారి నడుమ అంతస్తుల భేదము లేదు.

సర్ హెన్రీ రెండు గ్రంథములు వ్రాయ దలచెను. 1631లో మరణించిన తన మిత్రుడు జాన్ డన్ యొక్క జీవితచరిత్రము మొదటిది. దానికి కావలసిన విషయములను సేకరింపుమని వాల్టనును కోరెను, అతడట్లే సేకరించుచుండెను. గాలపువేటను ప్రశంసించు గ్రంథము రెండవది. అయితే 1639 డిసెంబరు మాసమున సర్ హెన్రీ కాలధర్మము నొందెను. రెండును వ్రాయబడకయే నిలిచిపోయెను. డన్ గారి ప్రసంగములు అచ్చగుచుండెను. వానికి ముందు చేర్చవలసిన చరిత్రము మాత్రము లేదు. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కని వస్త్రవర్తకుడు, అంతకుముందు గ్రంథరచన యెరుగనివాడు, ఆ పనికి పూనుకొనెను. వాల్టన్ వ్రాసిన డన్ చరిత్రము 1640లో ప్రసంగముల సంపుటముతో వెలువడెను. మృతుడైన మిత్రుని ఋణము తీర్చుటకు పట్టిన కలము ఆ తరువాత నలువది యేండ్లవరకు అతని చేతినుండి జారలేదు. 1651లో సర్ హెన్రీ చరిత్రమును, 1665లో హూకర్ చరిత్రమును, 1670లో జార్జి హెర్బర్టు చరిత్రమును, 1678లో బిషప్పు శాండర్సను చరిత్రమును వ్రాసెను. ఆంగ్లభాషలో జీవితచరిత్రము ఒక సాహిత్యశాఖగా పెంపొందుటకు ఈ యైదును తోడ్పడినవి.

ఈ కీర్తినిబట్టి వాల్టన్ సుఖజీవియని చదువరులు తలపగూడదు. 1626లో అతడు రేచెల్ అను కన్యను వివాహమాడెను. ఆమెయందు కలిగిన బిడ్డ లేడుగురును బాల్యమునందే మరణించిరి. 1640లో, డన్ చరిత్రము వెలువడిన యా సంవత్సరమే, రేచెలును మరణించెను. నలువదియేడేండ్ల ప్రాయమున వాల్టన్ ఇల్లు శూన్యమయ్యెను. 1642లో దేశమున రాజపక్షమునకును పార్లమెంటు పక్షమునకును అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. 1649లో చార్లెస్ రాజునకు శిరచ్ఛేదము జరిగెను. వాల్టనునకు ఆప్తులైన మతాచార్యులు పెక్కండ్రు ఉద్యోగములు పోగొట్టుకొని చెల్లాచెదరైరి. అతడు రాజపక్షమువాడైనను కత్తి పట్టినవాడు కాడు. అయినను 1651లో వూస్టరు యుద్ధమున ఓడిపోయి పారిపోయిన రెండవ చార్లెస్ యొక్క రత్నపతకము ఒకటి స్టాఫర్డు ప్రాంతమున దాచబడి, చేతులు మారి వాల్టనునకు చేరగా, అతడు ప్రాణాపాయమునకు వెరవక దానిని లండనునకు తీసికొనిపోయి, బందిఖానాలో నున్న దాని రక్షకునకు అందజేసెను. అరువదియవ యేట కాలిడబోవు వర్తకుని యందు ఇంతటి ధైర్యము కలదని అతని యంగడికి వచ్చు గిరాకీదారు లూహించియుండరు.

అట్టి దినములలో, 1653లో, గాలపువేటను గూర్చిన అతని గ్రంథము వెలువడెను. వెల పదునెనిమిది పెన్నీలు. సర్ హెన్రీ తలపెట్టి వ్రాయలేకపోయిన రెండవ గ్రంథమిదియే యనవచ్చును. ఆ సంగతిని వాల్టన్ తన పుస్తకముననే చెప్పి, మిత్రుని స్మరించెను. ఇది సంభాషణరూపమున నున్నది. గాలపువేటకాడును, అతనికి త్రోవలో తోడైనవారును లీ నదివెంట నడచుచు, తమ తమ వినోదములను గూర్చి వాదించుకొందురు. తుదకు తోడివాడు శిష్యుడై గాలము పట్టును. ఏ చేప యే నీటిలో నుండునో, ఏ ఋతువున ఏ యెరను మెచ్చునో, పట్టినదానిని వండుటెట్లో యను సంగతులు అందు కలవు. నడుమ నడుమ పాలుపితుకు పిల్ల పాటయు, వాన కురియుచుండగా చెట్టుక్రింద నిలుచుటయు, పూటకూటియింటి శుభ్రమైన దుప్పట్లును వచ్చును. దేశమంతయు పగలతో రగులుచుండగా ఈ పుస్తకమున ఒక్క కఠినవాక్యమైనను లేదు. ఏడుగురు బిడ్డలను పూడ్చుకొన్నవాడు దీనిని వ్రాసెనని జ్ఞప్తికి తెచ్చుకొని చదివినచో, ఆ శాంతము సోమరితనమువలన కలిగినది కాదని తెలియును.

ఈ గ్రంథములోని యొక విషయము మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపదగినది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వానిని పట్టుటను వాల్టన్ తీవ్రముగా నిరసించెను. పూర్వపు రాజులు చేసిన రక్షణశాసనములు ఆచరణలో లేకపోవుటకు చింతించెను. తొలకరి వరద రాగానే గోదావరి చేపలలో ననేకములు వాగులకు ఎదురెక్కి గ్రుడ్లు పెట్టునని మన బాలురెరుగుదురు. ఆ సమయమున వాగునకు అడ్డముగా వలగట్టి పట్టినవాడు ఒక చేపతో కూడ వేలకొలది పిల్లలను పట్టినవాడే యగును. మందుగుండు పేల్చియు, నీటిలో విషము కలిపియు చేపలను చంపుటను 1897నాటి భారత మత్స్యశాసనము నేరముగా చేసెను. శాసనము చేసినంతమాత్రమున వాగు బ్రదుకదు. గట్టున నున్నవాడు దానిని మన్నింపవలెను.

వాల్టన్ పుస్తకమున ఒక కొరత యుండెను. అతడు ఎర్రలతోను, మిడుతలతోను, చిరుచేపలతోను గాలము వేయుటలో నిపుణుడు. కృత్రిమపు టీగతో వేయు విద్యలో మాత్రము అంతటి నేర్పరి కాడు. ఆ భాగమును చాలవరకు థామస్ బార్కర్ అను మరియొక వేటకాని యుపదేశమును బట్టి వ్రాసితినని తానే యొప్పుకొనెను. ఆ విద్య యెట్టిదో చదువరులకు కొంచెము చెప్పవలసియున్నది.

మన యొద్ద తొలకరి జల్లు పడిన సాయంకాలమున ఉసిళ్ళు పుట్టలనుండి లేచి, రెక్కలు రాలి నీటిపై పడునప్పుడు, చేపలు పైకెగసి వానిని మ్రింగుట అందరును చూచినదే. ఇంగ్లండు నదులలోను అట్టి పురుగులు కలవు. వానిలో కొన్ని చిరకాలము నీటి యడుగున పురుగురూపమున బ్రదికి, ఒకనాడు రెక్కలు తొడిగి పైకి వచ్చి, ఒకటి రెండు దినములలోనే నశించును. ట్రౌట్ అను చేప వానికొరకు కాచియుండును. వేటకాడు ఆ పురుగును పోలునట్లు ఈకను, ఉన్నిని, పట్టుదారమును గాలమునకు చుట్టి, పొడవైన కర్రతోను, ఆ కాలమున గుర్రపువెండ్రుకల త్రాటితోను దానిని దూరముగా విసరుచుండెను. అది బరువుగా పడినచో చేప బెదరును. వేటకాని నీడ నీటిపై పడినను బెదరును. ఏ నెలలో ఏ పురుగు లేచునో, దాని రంగేదో, గాలి యెటు వీచుచున్నదో ఎరిగినవానికే యీ విద్య పట్టుబడును. కావున ఇది చేతిపని యగుటకు ముందు కంటిపని. కడుపు నింపుకొనుటకే చేప కావలెననువానికి వల మేలు. నదిని చదువగోరువానికి ఈకగాలము మేలు.

ఈ కొరతను తీర్చినవాడు చార్లెస్ కాటన్. ఈయన మన ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కాడు. అంతకు రెండువందల యేండ్లకు ముందువాడు. 1630లో జన్మించి, డవ్ నదీతీరమున బెరెస్‌ఫర్డు అను ఎస్టేటుకు యజమాని యయ్యెను. వాల్టనుకంటె ముప్పదియేడేండ్లు చిన్నవాడు. వాల్టన్ మితవ్యయుడు, భక్తుడు, శాంతుడు. కాటన్ హాస్యకవి, విలాసి, అప్పులపాలైనవాడు. ఇరువురిని ఒక గట్టున చేర్చినది గాలపుకర్రయే. కాటన్ ఆ వృద్ధుని తండ్రీ యని సంబోధించుచుండెను. డవ్ నీరు తేటయైనది, రాతినేలపై పరువెత్తునది. అందు ట్రౌటు చేపలు మెండు. ఈకగాలపు విద్యలో కాటనుకు సాటి యా కాలమున మిక్కిలి తక్కువ. 1674లో ఆయన నది మలుపున రాతితో ఒక చిన్న వేటమందిరము కట్టించి, ద్వారముపైన తన నామాక్షరములను వాల్టన్ నామాక్షరములతో పెనవేసి చెక్కించెను. ఆ మందిరమును ఆ యక్షరములును నేటికిని నిలిచియున్నవి.

1676లో వాల్టన్ గ్రంథము అయిదవ కూర్పు అచ్చునకు సిద్ధమగుచుండెను. మొదటి కూర్పున పదుమూడు ప్రకరణములుండగా, ఏండ్ల తరబడి దిద్దుచు పెంచుచు వచ్చినందున ఇప్పటి కవి యిరువదియొకటి యయ్యెను. ఈకగాలమును గూర్చిన భాగమును నీవు వ్రాయుమని వాల్టన్ తన యువమిత్రుని కోరెను. కాటన్ సుమారు పదిదినములలో దానిని పూర్తిచేసి పంపెను. తేటనీటిలో సన్నని త్రాటితో దూరమునుండి వేయవలెననియు, ఏ నెలకు తగిన ఈగను ఎట్లు కట్టవలెననియు అందు వివరించెను. దానిని చదివి వాల్టన్ వ్రాసిన ప్రత్యుత్తరము మిక్కిలి ముచ్చటైనది. తనకు ఎనుబదిమూడవ యేడు నడచుచున్నదనియు, నడుమ నూరుమైళ్ళకు మించిన దూరము కలదనియు, అయినను రెండింటిని మరచి వచ్చు మాసమున యాత్ర వెడలి వత్తుననియు అందు తెలియజేసెను. ఆ రెండు భాగములును ఏకగ్రంథముగా వెలువడెను. నాటినుండి నేటివరకు ఇంగ్లీషున మరల మరల అచ్చుపడిన గ్రంథములలో అది యొకటి.

చదువరులు ఇచట ఒక సంగతి గమనింపుడు. సర్ హెన్రీ చేయలేక విడిచిన రెండు పనులను వాల్టన్ చేసెను. వాల్టనునకు చేతకాని పనిని కాటన్ చేసెను. తనకు రాని విద్యను వచ్చినట్లు నటింపక, చిన్నవానిని పిలిచి అప్పగించుట వాల్టన్ గొప్పతనము. పెద్దవాని గ్రంథమున తన భాగమును వినయముతో చేర్చుట కాటన్ గొప్పతనము.

వాల్టన్ రెండవ వివాహము ఆన్ కెన్ అను నామెతో జరిగెను. ఆమె 1662లో మరణింపగా వూస్టరు మహాదేవాలయమున ఖననము చేయించెను. ఆమె బిడ్డలలో ఒక కుమార్తెయు ఒక కుమారుడును బ్రదికి, వార్ధక్యమున అతనికి ఆధారమైరి. 1683 ఆగస్టున, తన తొంబదియవ జన్మదినమున, వాల్టన్ స్వహస్తముతో మరణశాసనము వ్రాయ నారంభించెను. స్టాఫర్డు సమీపమున షాలోఫర్డులో తనకు గల క్షేత్రపు రాబడితో బీదబాలు రిద్దరికి వృత్తివిద్య నేర్పించుటకును, ఒక పనికత్తె వివాహమునకు సాయపడుటకును, చలికాలమున బీదలకు బొగ్గు కొనిపెట్టుటకును ఏర్పాటు చేసెను. తండ్రి లేక పరాయివాని యంగడిలో పని నేర్చినవాడు తన బాల్యమును మరువలేదు. అదే సంవత్సరము డిసెంబరు 15వ తేదీన, నదులు గడ్డకట్టిన ఘోరమైన చలికాలమున, వించెస్టరు నగరమున అల్లునియింట అతడు కన్నుమూసెను. అచటి మహాదేవాలయమున అతని సమాధి కలదు. 1914లో ఇంగ్లండు, అమెరికా దేశముల గాలపువేటకాండ్రు చందాలు వేసికొని ఆ సమాధిచెంత చిత్రములు గల అద్దపు కిటికీ నొకదానిని ప్రతిష్ఠించిరి. ఏటియొడ్డున పుస్తకము చదువుకొనుచున్న వాల్టన్ రూపమును అందు చూడవచ్చును. కాటన్ తన యెస్టేటును పోగొట్టుకొని 1687లో లండనున మరణించెను.

వారి విద్య దేశాంతరములకు వ్యాపించెను. చెన్నరాజధానిలో సివిలు ఉద్యోగిగా నుండిన హెచ్. ఎస్. థామస్ అను నాతడు మన దక్షిణదేశపు నదులలోని చేపలను గాలముతో పట్టు విధమును గూర్చి 1873లో మంగళూరున ఒక గ్రంథమును ప్రకటించెను. ట్రౌటు లేని మన నీళ్ళలోను ఈకగాలమునకు ఎగయు చేపలు కలవని దానివలన తెలియును. కిన్నెరసాని గట్టున మా మిత్రుడు దానినే కన్నులార చూపుచుండెను.

ఇక ఆయన నోటుపుస్తకమును గూర్చి చెప్పి ముగింతుము. మొదటి పుటలో వాలుగ, బొచ్చె, కొరమేను, జెల్ల, పరిగె మొదలగు పేర్లు వరుసగా వ్రాసియున్నవి. ప్రతి పేరునకు ఎదురుగా కోయభాషలో ఆ చేప పేరు వ్రాయుటకు చోటు విడువబడియున్నది. కొన్నియెడల పేరు కలదు. పెక్కుయెడల చోటు ఖాళీగా నున్నది. ఏ వాగులో ఏ నెలలో కనబడునో వ్రాయవలసిన గడులును సగము పూరింపబడలేదు. మేము దానిని పూర్తిచేయజాలము. మాకు ఆ భాష రాదు, ఆ కన్నును లేదు. వాల్టన్ చేసినట్లే మేమును ఎరిగిన చిన్నవారికి దీనిని అప్పగించుచున్నాము. ఖాళీగా నున్న ఆ పేర్లు మన వసతిగృహపు బాలుర తాతలకును అవ్వలకును తెలియును. వారు నేడున్నారు, ఎల్లకాలము నుండరు. ఈ వేసవి సెలవులలో ఇండ్లకు పోవు బాలబాలికలు వారిచెంత కూర్చుండి యడిగి, వ్రాసికొని రావలెను. తలిదండ్రులును దీనిని కాలహరణముగా నెంచక సాయపడవలెను. సేకరించిన పేర్లను, తెచ్చినవారి పేర్లతో, వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము. నోటుపుస్తకము మా బల్లపైన నుండును. ఆ వెదురుకర్ర తరగతిగది మూలను ఆనించి యున్నది. పేర్లు తెచ్చినవారు సెలవునాడు దానిని అడిగి తీసికొనిపోవచ్చును.